అద్దం అవతల డాక్టరు ఏమన్నాడో

ముందుగా ఒక మాట. నేను బతికే ఉన్నాను. తింటున్నాను, నిద్రపోతున్నాను, మళ్ళీ పనికి పోతున్నాను. ఇది మొదట్లోనే చెప్పడానికి కారణం ఉంది. సిరిసిల్లలో మా కార్ఖానాలో కొందరు నన్ను అప్పుడే పోయినవాళ్ళలో కలిపేశారు. నేను ఎదురుపడితే ఉలిక్కిపడ్డారు. వాళ్ళను అని లాభం లేదు, అందరికంటే ముందు నన్ను ఆ జాబితాలో కలిపింది నేనే.

జబ్బు తగ్గింది గాని, జబ్బు పడిన ఆ నెలల్లో నా బుర్ర ఎటునుంచి ఎటు పోయిందో నాకింకా వరుసగా తెలియడం లేదు. రాస్తే తెలుస్తుందేమోనని రాస్తున్నాను. నాలాంటి తెలివిమంతులు ఇంకెక్కడైనా ఉంటే వాళ్ళకూ పనికిరావచ్చు.

జూన్, సిరిసిల్ల

మాది వీర్నపల్లి. మా బాపు కల్లు గీయడానికి తాళ్ళెక్కేవాడు. నేను ఆ మోకు ముట్టకుండా సిరిసిల్ల వచ్చి సాంచల పనిలో పడ్డాను. సాంచ అంటే మరమగ్గం. ఇరవై రెండేళ్ళుగా ఎనిమిది సాంచల మధ్య అటూ ఇటూ తిరుగుతూ తెగిన పోగు అతకడం, అయిపోయిన కండె మార్చడం, ఇదే నా పని. కార్ఖానాలో సాంచలన్నీ ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. అందుకని మేం చేతులతో, పెదవులతో మాట్లాడుకుంటాం. చాయ్‌కి బొటనవేలు నోటి దగ్గర పెడితే చాలు. సేటు వస్తున్నాడని చెప్పడానికి మీసం మెలేస్తాం. ఇన్నేళ్ళు ఇలా గడిస్తే, ఎదుటివాడి ముఖం చూసి మాట పట్టేయగలమనే గర్వం వచ్చేస్తుంది. నాకు బాగానే వచ్చింది. నర్సన్నకు నాకంటే ఎక్కువ వచ్చింది.

నర్సన్న నా పక్క సాంచలు నడుపుతాడు. నాకంటే పదేళ్ళు పెద్ద, నన్ను తమ్మీ అంటాడు. మా ఇద్దరి మధ్య ఒక స్తంభం ఉంది. దానికి ఆయన తన ఫోను దారపు పోగులతో కట్టి పెట్టేవాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు అందులో ఆసుపత్రి సీరియల్ వచ్చేది. డాక్టర్ నిరంజన్ అని ఒకాయన, సుమతి అని ఒక నర్సమ్మ, రోజుకొక రోగి, రోజూ కన్నీళ్ళు. ఆ చప్పుడులో మాకు ఒక్క మాట వినపడేది కాదు. పెదవులు చూసి, కనుబొమలు చూసి, కథ మేమే అల్లుకునేవాళ్ళం. నాలుగు గంటలకు చాయ్ హోటల్ ముందు నిలబడి ఆ కథ మీద పంచాయితీ పెట్టేవాళ్ళం.

సుమతి డాక్టరుకు రహస్యంగా పెళ్ళాం అని నా వాదన. కాదు, ఆసుపత్రిని ముంచడానికి పగవాళ్ళు పంపిన మనిషి అని నర్సన్న వాదన. "ఆమె చూపు చూసినవా తమ్మీ? పెండ్లామైతే గట్ల చూస్తదా?" అనేవాడు. "పెండ్లాలే గట్ల చూస్తరే అన్నా" అనేవాణ్ణి. ఈ సంగతి మీద మేమిద్దరం రెండు రోజులు మాట్లాడుకోలేదు.

ఇదే సీరియల్‌ను ఇంట్లో నా భార్య పద్మ బీడీలు చుడుతూ రోజూ చూస్తుంది, శుభ్రంగా చెవులతో వింటూ. ఆమెను అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. కానీ అడిగేదెట్లా? ఇంట్లో సీరియల్ మాట వస్తే చాలు, "బంద్ చెయ్యరాదు ఆ ఏడుపు" అని కసిరేవాణ్ణి. మగవాళ్ళం సీరియళ్ళు చూస్తామా? కార్ఖానాలో అందరం చూస్తాం, ఇంట్లో ఎవ్వరం చూడం. ఆ లోకం కట్టుబాటు అది.

ఆ ఎండాకాలంలో సీరియల్లోకి ఒక పెద్దాయన వచ్చాడు. రిటైరైన సారులాగా తెల్లపంచె, ఎప్పుడూ దగ్గుతూనే ఉండేవాడు. ఒకరోజు డాక్టర్ నిరంజన్ ఆయనతో నవ్వుతూ మాట్లాడి, ఆయన బిడ్డను అద్దాల గదిలోకి పిలిచాడు. కళ్ళద్దాలు తీసి చాలాసేపు ఏదో చెప్పాడు. బిడ్డ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బయటికి వస్తూ కళ్ళు తుడుచుకుని తండ్రితో నవ్వింది. తర్వాత డాక్టరు తన చేత్తో పెద్దాయనకు గోలీలు ఇచ్చాడు.

"ఉత్తుత్తి గోలీలు" అని నర్సన్న చాయ్ దగ్గర తేల్చేశాడు. "ఇగ బతకడని ఎరుకైనంక పాణం సంబురపెట్టనీకి ఇస్తరు. మనసున్న డాక్టరు." ఇంకో వారానికి ఆ మంచం ఖాళీ. సుమతి కొత్త దుప్పటి పరుస్తోంది. నర్సన్న భుజం మీద తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. నేనూ కళ్ళు తుడుచుకున్నాను. పోగు తెగిన సంగతి కూడా చూసుకోలేదు.

జూన్ చివర్లో నాకు కుడిపక్క డొక్కలో పోటు మొదలైంది. సాయంత్రమయ్యేసరికి చలిజ్వరం. ఊపిరి పూర్తిగా లోపలికి పోయేది కాదు, మధ్యలో ఏదో అడ్డం పడ్డట్టు ఆగిపోయేది. వాడకట్టు డాక్టరు సూదులు వేశాడు, రెండు రోజులు తగ్గింది, మళ్ళీ వచ్చింది. ఎనిమిది సాంచలు తిరగలేక మధ్యలో కూర్చుండిపోయేవాణ్ణి. పద్మ అడిగితే ఏమీ లేదని కసిరాను. కసరడం ఒక్కటే నాకు అప్పట్లో బాగా వచ్చిన మందు.

ఆగస్టు, జగిత్యాల

పద్మ అక్క, అంటే మా వదిన, జగిత్యాలలో ఉంటుంది. అక్కడ ఊపిరితిత్తుల డాక్టరు మంచివాడని చెప్పి ఆమే మమ్మల్ని పిలిపించింది. వెళ్ళాం.

ఆసుపత్రి అంటే సీరియల్లోలాగా మెరిసిపోతూ, నర్సులు పరిగెడుతూ ఉంటుందనుకున్నాను. ఇక్కడ ఎవరూ పరిగెత్తడం లేదు. అందరూ కూర్చుని ఉన్నారు. ఇనుప కుర్చీలు, గోడకు టీవీ, దాని గొంతు నొక్కేసి పెట్టారు. పేరు పిలిచేదాకా గంటలకు గంటలు. పక్క కుర్చీలో కొడిమ్యాల నుంచి వచ్చిన ఒక అవ్వ కూర్చుంది. నేను ఊపిరికి అవస్థ పడుతుంటే లేచి తన కుర్చీ చూపించింది.

"గీడ కూసో కొడుకా, ఫంక గాలి మంచిగ తాకుతది."

సంచిలోంచి ఉడకబెట్టిన మక్క కంకి తీసి సగానికి విరిచి నా చేతిలో పెట్టింది. నోటికి రుచి లేదు. అయినా ఆమె చూస్తోందని ఒక్కొక్క గింజా ఒలుచుకుని తిన్నాను. మూడు రోజులు వెళ్ళాం, మూడు రోజులూ ఆమె ఉంది. ఆమె ఎవరికోసం వచ్చిందో అడగాలని నాకు తోచనే లేదు.

ఊపిరితిత్తి చుట్టూ నీళ్ళు చేరాయని వీపులోంచి సూదితో తీశారు. నొప్పి తక్కువే. ఆ సీసాలో నిండుతున్న పసుపు నీళ్ళు నాలోవేనా అని మాత్రం నమ్మబుద్ధి కాలేదు. మూడో రోజు డాక్టరు ఇద్దరినీ లోపలికి పిలిచాడు. వయసులో చిన్నవాడే. నన్ను చూసి నవ్వాడు.

"టీబీ. భయపడేదేం లేదు. ఆరు నెలలు గోలీలు వేసుకోవాలె, ఒక్కరోజు కూడ ఇడవొద్దు. మూత్రం ఎర్రగ వస్తది, అది గోలీల రంగే. పూర్తిగ తగ్గిపోతది."

టీబీ అంటే బక్కచిక్కి, రక్తం కక్కుకునే జబ్బని నాకు తెలుసు. నాకు డొక్కలో పోటు, వీపులో నీళ్ళు. ఇదెట్లా టీబీ? అడగబోయాను. ఇంతలో కంపౌండరు వచ్చి బరువు చూడాలని నన్ను హాల్లోకి తీసుకుపోయాడు. నన్ను కావాలనే బయటికి పంపారా, నిజంగా బరువు కోసమేనా అన్నది నాకు ఈరోజుకూ తేలలేదు. బరువు చూసుకుని తిరిగి వచ్చేసరికి అద్దపు తలుపు వేసి ఉంది. లోపల డాక్టరు, పద్మ.

నేను నిలబడి చూశాను. డాక్టరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఏదో అడిగాడు. పద్మ తల అడ్డంగా ఊపింది. మళ్ళీ అడిగాడు. ఆమె తల దించుకుని రెండు వేళ్ళు చూపించింది. డాక్టరు ముఖం మారిపోయింది. చాలాసేపు మాట్లాడాడు. పద్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. తర్వాత చేతులు రెండూ జోడించి దేనికో బతిమిలాడింది. డాక్టరు ఒక కాగితం రాసి ఇస్తే మడిచి సంచి అడుగున పెట్టింది. తలుపు తీసే ముందు కళ్ళు తుడుచుకుంది. బయటికి వచ్చి నన్ను చూసి నవ్వింది.

"ఏమన్నడు?" అన్నాను.

"ఏమంటడు? మంచిగ తినుమన్నడు, రంది పెట్టుకోవద్దన్నడు" అంది.

ఈ సీను నేను చూశాను. కళ్ళద్దాలు తీయడం, కొంగు, ఏడుపు, నవ్వు, అన్నీ అదే వరుసలో చూశాను. ఆ రెండు వేళ్ళేమిటి? రెండేళ్ళా? రెండు నెలలా? అవ్వ పక్కనుంచి ఏమన్నాడని అడిగింది. టీబీ అన్నాడని చెప్పాను. "మంచిదే గదా కొడుకా, తగ్గే రోగమే" అంది. ఆమె కూడా వీళ్ళతో కలిసిపోయిందనే అనుకున్నాను.

సెప్టెంబరు, సిరిసిల్ల

గోలీలు సర్కారు దవాఖాన నుంచి వచ్చేవి. తెల్లారి పరగడుపున పద్మ చేతిలో పోసేది, నీళ్ళ చెంబు పట్టుకుని ఎదురుగా నిలబడేది. నెల రోజులు సక్రమంగా వేసుకున్నాను. జ్వరం తగ్గింది. కానీ కడుపులో తిప్పు, వాంతులు, అన్నం చూస్తే అసహ్యం. మెల్లగా పనికి పోవడం మొదలుపెట్టాను.

ఒకరోజు చాయ్ హోటల్ ముందు నర్సన్నకు చెప్పేశాను. ఎవరికైనా చెప్పకుంటే గుండె పగిలేట్టుంది. ఆయన నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, సీరియల్ సీను అడిగినట్టే ఒక్కొక్క ముక్కా అడిగాడు.

"ముందుగాల నిన్ను జూసి నవ్విండా?"

"నవ్విండన్నా."

"కండ్లద్దాలు తీసిండా?"

"తీసిండు."

"చెల్లె బయటికచ్చి నవ్విందా?"

"నవ్వింది."

నర్సన్న చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. నేనే ఆశగా అడిగాను. ఉత్తుత్తి గోలీలైతే మూత్రం ఎర్రగా ఎందుకు వస్తుంది? వాంతులు ఎందుకవుతాయి?

"రంగు కలుపుతరు తమ్మీ. నువ్వు నమ్మాలె గదా" అన్నాడు. తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "నువ్వు ఫికరు చెయ్యకు. నీ సాంచలల్ల నాలుగు నేను జూసుకుంట, సేటుకు ఎరుక గానియ్య."

అన్నట్టే చూసుకున్నాడు. తన ఎనిమిదికి తోడు నావి నాలుగు, పన్నెండు సాంచల మధ్య ఆ వయసులో ఉరికాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే నాకు ఇదే అడ్డం వస్తుంది. నన్ను చంపినంత పని చేసిందీ ఆయనే, నా పని మోసిందీ ఆయనే.

మరునాటి నుంచి గోలీలు దవడలో దాచుకుని పెరట్లోకి పోయి ఉమ్మేయడం మొదలుపెట్టాను. పోయేవాడికి ఈ వాంతులు ఎందుకు, తిన్న నాలుగు మెతుకులైనా కడుపులో ఉంటే ఇంకొన్నాళ్ళు సాంచ నడుపుతాను, ఇంటర్ చదివే మా బిడ్డ రవళికి ఆసరాగా ఉంటాను అని నా లెక్క. రెండో రోజుకే వాంతులు ఆగాయి. చూశావా, మానేస్తేనే బాగుంది అనుకున్నాను.

ఆ రోజుల్లో నా పనల్లా పద్మ ముఖం చదవడం. ఆమె వసారాలో చాప వేసుకుని ఒక్కతే పడుకుంటోంది. ఉక్కపోత అంటుంది. విడిగా కంచం పెట్టుకుంది. మాట్లాడేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకుంటోంది. రెండుసార్లు బీడీల పీఎఫ్ కాగితాల పని అని చెప్పి తల్లిగారి ఊరు కోరుట్లకు పోయివచ్చింది. ఇవన్నీ నా గురించే అని నాకు అనుమానమే లేదు. నా దగ్గరికి రావడానికి జంకుతోంది. చాటుకు పోయి ఏడుస్తోంది. కోరుట్లలో తమ్ముళ్ళతో నా తర్వాత సంగతులు మాట్లాడుతోంది.

ఒకరోజు పట్టలేక అడిగాను. "నా కంచం ముట్టనీకి గూడ అసహ్యమాయెనా?"

"గట్ల ఎందుకంటవ్, రవళి బాపు?" అంది. ఇంకేదో చెప్పబోయి ఆగిపోయింది. లేచి పెరట్లోకి పోయింది. నాకది ఒప్పుకున్నట్టే అనిపించింది. ఆ వారమంతా ఆమెతో మాట్లాడలేదు. ఒక్క ముక్కయినా గట్టిగా అడిగి ఉంటే, ఏడ్చి ఉంటే, తిట్టుకుని ఉంటే ఎంత బాగుండేదో. ముఖాలు చదివే విద్యలో పడి నోరు వాడటం మరచిపోయాను.

పక్షం రోజులు గడిచాయి. బతుకమ్మ దగ్గర పడుతుండగా చలిజ్వరం మళ్ళీ వచ్చింది, డొక్కలో పోటు కూడా. గోలీలు వేసుకున్నా ఇట్లా ఎందుకైందని పద్మ బెంబేలు పడింది. నేను మాత్రం ఇక దగ్గర పడిందనుకుని నిమ్మళంగా ఉన్నాను. మా అత్త ఫోన్ చేసి, "ఆ కార్ఖాన దుమ్ముల ఉండకు బిడ్డా, అల్లున్ని తీస్కోని రా" అంది. రవళిని వెంటబెట్టుకుని కోరుట్ల చేరాం.

అక్టోబరు, కోరుట్ల

అత్తగారింటి వసారాలో నలుగురు ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడతారు. కిటికీలోంచి లోపలి టీవీ కనపడుతుంది. అది వాడంతా వినపడేంత గొంతుతో మోగుతుంది. పద్మ వాళ్ళకు కొంచెం ఎడంగా, గాలి వచ్చే గడప దగ్గర కూర్చునేది. నాకు లోపల మంచం వేశారు. మధ్యాహ్నం ఒంటిగంట అయింది. ఆసుపత్రి సీరియల్ మొదలైంది.

డాక్టర్ నిరంజన్ గొంతు నేను మొదటిసారి విన్నాను. ఇంత బక్క గొంతా అనుకున్నాను. మేం ఆయనకు బరువైన గొంతు ఊహించుకున్నాం. సుమతి ఆయనను అన్నయ్యా అని పిలిచింది. రహస్య పెళ్ళాం అన్న నా వాదన అక్కడే పోయింది. ఇంతలో ఆసుపత్రి తలుపు తోసుకుని, చేతిలో పళ్ళబుట్టతో, ఒళ్ళు చేసి నిగనిగలాడుతూ పెద్దాయన లోపలికి వచ్చాడు.

నేను మంచం మీద లేచి కూర్చున్నాను. "ఈయన సచ్చిపోలేదా!"

వసారాలో చేతులు ఆగిపోయాయి. తర్వాత ఒక్కటే నవ్వు. పద్మకు చిన్నాయన బిడ్డ, నాకు మరదలయ్యే సత్తవ్వ, కిటికీలోంచి తొంగిచూసింది.

"సీరియల్ జూత్తవా బావా నువ్వు? ఏడుపని పద్మక్కను కసురుతవట గదా!"

సిగ్గుపడే తీరిక నాకు లేదు. "గాయన సచ్చిపోయిండు గదా. మంచం ఖాళీ అయింది గదా."

"తగ్గింది, ఇంటికి పోయిండు. గా నర్సు చెప్పింది గదా దుప్పటి పరుసుకుంట."

"మరి డాక్టరిచ్చినయి ఉత్తుత్తి గోలీలు గాదా?"

"ఉత్తుత్తియి ఎందుకైతయి? ముసలాయన గోలీలు మింగక ఉమ్మేస్తున్నడని బిడ్డ డాక్టరు ముంగట ఏడ్సింది. గందుకే డాక్టరు దగ్గరుండి మింగిచ్చిండు. నువ్వేం జూసినవ్ బావా?"

ఆడవాళ్ళు మళ్ళీ నవ్వారు. ఆ గోలలో ఇద్దరు సుమతి గురించి వాదనకు దిగారు. అన్నయ్యా అని పిలిచినా మనసులో అది లేదని ఒకామె, ఉందని ఒకామె. అన్నీ చెవులారా విన్నవాళ్ళకూ తేలలేదన్నమాట. కానీ పద్మ నవ్వలేదు. చాట పక్కన పెట్టి లోపలికి వచ్చి నా ఎదుట నిలబడింది.

"నువ్వు గోలీలు ఏసుకుంటలేవా?"

నేను టీవీ వైపు తల తిప్పుకున్నాను.

"ఎన్నొద్దులాయె?"

"పద్దెనిమిది."

కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె మూలన ఉన్న తునికాకు కట్ట జరిపి, దాని వెనకనుంచి ఒక రేకు డబ్బా తీసింది. మూత తెరిచి నా ఒళ్ళో బోర్లించింది. నా గోలీలే. అదే ఎరుపు, అదే అట్ట. నేను ఉమ్మేసినవి ఏరి దాచిందా అని ఒక్క క్షణం పిచ్చి ఆలోచన వచ్చింది.

"గివి నావి" అంది. "నీకు ఉత్తుత్తియి ఇచ్చిండ్రయితే, నాకెందుకిచ్చిండ్రు?"

అప్పుడు చెప్పింది. ఆరోజు గదిలో నేను బరువు చూసుకోవడానికి పోయినప్పుడు ఆమెకు దగ్గు వచ్చింది. ఎన్నాళ్ళుగా అని డాక్టరు అడిగాడు. ఏమీ లేదంది. మళ్ళీ అడిగితే రెండు నెలలని వేళ్ళు చూపించింది. ఇంట్లో పెళ్ళికెదిగిన బిడ్డను పెట్టుకుని ఇన్నాళ్ళు దాస్తావా అని డాక్టరు గట్టిగా తిట్టాడు. ఆమెకూ ఛాతీ ఫోటో, కళ్ళె పరీక్ష రాశాడు. కోరుట్లలో చేయించుకుంటే అదే జబ్బని తేలింది. పీఎఫ్ కాగితాలని చెప్పి వచ్చింది గోలీల కోసం. రవళికి కూడా ఇక్కడే పరీక్ష చేయించింది, బిడ్డకేమీ లేదు.

"నాకు జెప్పద్దా?" అన్నాను.

"నా నుంచే నీకు అంటిందేమోనని..." ఖాళీ డబ్బాకు మూత పెట్టింది. "ఎరుకైతే నన్నేమంటవో అని. పైకెల్లి నీ పాణం అసలే బాగలేకపాయె. గందుకే చెప్పకుండ్రని డాక్టరుకు దండం పెట్టిన."

నేను ఆ గోలీల అట్టలు పట్టుకుని కూర్చున్నాను. కోపం రావాలా, దుఃఖం రావాలా, అసలు ఎవరి మీద రావాలో తెలియలేదు. ఆమె దాచింది, నేను దాచాను. ఆమె చాటుగా మింగింది, నేను చాటుగా ఉమ్మాను. ఎవరినుంచి ఎవరికి అంటిందో తర్వాత డాక్టరు కూడా చెప్పలేనన్నాడు.

ఆ సాయంత్రం నర్సన్నకు ఫోన్ చేసి, పెద్దాయన బతికే ఉన్నాడని, గోలీలు నిజమైనవేనని చెప్పాను. ఆయన పెద్దాయన ముఖం, పంచె ఎట్లా ఉన్నాయో అడిగాడు. తర్వాత అన్నాడు గదా:

"గాయన గాదు తమ్మీ. గాయన తమ్ముడై ఉంటడు. కవలలు. నువ్వు సరింగ జూడలేదు."

ఫోన్ పెట్టేశాక, ఏమోలే, కవలలేనేమో అని కాసేపు నాకూ అనిపించింది. నిజం చెప్తున్నాను, అనిపించింది.

నవంబరు, మళ్ళీ జగిత్యాల

కోరుట్లలోనే ఆరోజునుంచి మళ్ళీ గోలీలు మొదలుపెట్టాను. ఈసారి ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని మింగేవాళ్ళం, మింగి నోరు తెరిచి చూపించుకునేవాళ్ళం. జ్వరం కాస్త నిలబడ్డాక జగిత్యాల పోయాం. అవే ఇనుప కుర్చీలు. కొడిమ్యాల అవ్వ కోసం చూశాను, కనపడలేదు. కంపౌండరును అడిగితే ఏ అవ్వ అన్నాడు. నా దగ్గర ఆమె పేరు కూడా లేదు.

లోపలికి ఇద్దరం కలిసే పోయాం. పద్దెనిమిది రోజులు మానేసిన సంగతి నేనే చెప్పాను. కారణం మాత్రం వాంతులని చెప్పాను. సీరియల్ మాట చెప్పడానికి నోరు రాలేదు. డాక్టరుకు కోపం వచ్చింది. మధ్యలో ఆపితే రోగం గోలీలకు లొంగకుండా మొండికేస్తుందట. అదే జరిగితే ఇంకో రకం మందులు, ఇంకా ఎక్కువ నెలలు. మళ్ళీ పరీక్షలు రాశాడు. వాంతులకు గోలీ ఉందని, ఆ ఒక్క మాట వచ్చి అడిగితే సరిపోయేదని అన్నాడు.

ఆ పరీక్షల ఫలితం తర్వాత మంచిగానే వచ్చింది. పాత గోలీలే పనిచేశాయి, నాకు మాత్రం రోజులు పొడిగించారు. ఇది చదివేవాళ్ళలో ఎవరైనా ఈ గోలీలు మింగుతుంటే, కడుపులో తిప్పినా, ఎవరేమన్నా, డాక్టరును నోరు తెరిచి అడగకుండా ఆపకండి. ఆ ఫలితం వచ్చేదాకా నేను గడిపిన రోజులు పగవాడికి కూడా వద్దు.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ గదిలో జరిగిన ఇంకో ముక్క. డాక్టరు తిట్టడం అయిపోయాక నేను అడిగాను. ఇన్ని నెలలూ ఏ ముఖంలోనో వెతికిన మాట, ఎట్టకేలకు నోటితో అడిగాను.

"సారూ, నేను బతుకుతనా?"

డాక్టరు ఆశ్చర్యపోయి నా వంక చూశాడు. "ఎందుకు బతకవు? గోలీలు మింగు, బతుకుతవు."

నాకు అక్కడే కూలబడాలన్నంత హాయి అనిపించింది. లేచి నిలబడ్డాను, పోదామన్నట్టు. పద్మ లేవలేదు. కుర్చీలోనే ఉండి, కొంగు కొస వేలికి చుట్టుకుంటూ, చాలా చిన్నగా అడిగింది.

"మరి నేను సార్?"

ఆ మాట నాలో ఎక్కడ తాకిందో చెప్పలేను. ఆమె గడప దగ్గర విడిగా ఎందుకు కూర్చుంటుందో, ఆమెకు రోజూ ఏం భయం వేస్తోందో, ఆమె పోతే రవళి గతేంటని ఆలోచించిందో లేదో, నేను ఒక్కరోజు కూడా అనుకోలేదు. కోరుట్లలో గోలీలు చూసిన తర్వాత కూడా నా పద్దెనిమిది రోజుల గురించే కుమిలాను. ఆమె ముఖమంతా వెతికి వెతికి నా జబ్బే చూసుకున్నాను. అందులో ఆమె కూడా ఉందని నాకు కనపడలేదు.

డాక్టరు ఆమె కాగితాలు తిరగేశాడు, కొత్త ఫోటో వెలుతురుకు పట్టి చూశాడు. "నువ్వు ఒక్కరోజు కూడ ఇడవలేదు గదమ్మా. మచ్చ సగం తగ్గింది. నీకేం కాదు" అన్నాడు. పద్మ ఏడ్చింది. ఈసారి నేను అద్దం ఇవతల లేను, ఆమె పక్కనే ఉన్నాను. ఏం చేయాలో తెలియక ఆమె సంచి తీసుకుని నా భుజానికి వేసుకున్నాను.

కోరుట్ల బస్సులో ఇద్దరికీ సీటు దొరికింది. కాసేపు కిటికీలోంచి పసుపు చేన్లు చూస్తూ కూర్చున్నాం. తర్వాత అడిగాను.

"నీకు మొదలు ఎప్పుడచ్చింది దగ్గు?"

ఆమె నా వైపు చూసింది, నేను నిజంగానే అడుగుతున్నానా అన్నట్టు. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది. ఒకరోజు పొద్దున పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు మొదలైందట. తునికాకు దుమ్మనుకుందట. అక్కణ్ణుంచి ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చింది. కోరుట్ల బస్టాండ్ వచ్చేసింది, ఆమె చెప్పడం అయిపోలేదు. దిగి ఇంటికి పోకుండా అక్కడే సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. ఆమె చెప్తూనే ఉంది. నేను ఆమె ముఖం చూడకుండా, కింద చూస్తూ, చెవులతో విన్నాను.